పిల్లల డాక్టరు, ఇన్సూరెన్స్ కార్డు: బాల్టిమోర్ చెప్పిన కథ



నవంబరు వచ్చిందంటే అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో దీపావళి మిఠాయిలతో పాటు ఇంకో కబురు కూడా మొదలవుతుంది. ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చేసింది, మీరు ఏ ప్లాన్ తీసుకుంటున్నారు అని. డిడక్టబుల్ ఎంత, కోపే ఎంత, నెలకి జీతంలోంచి పోయేదెంత. నలుగురం కలిస్తే ఎవరో ఒకరు ఎక్సెల్ షీటు కూడా తెరుస్తారు. ఆ షీట్లో అన్ని గళ్ళూ ఉంటాయి గానీ, "వచ్చే ఏడాది కూడా మా పిల్లల్ని ఇదే డాక్టరు చూస్తారా?" అన్న గడి మాత్రం నాకెప్పుడూ కనబడలేదు.

ఆ ప్రశ్న వేస్తూ దాదాపు యాభై ఏళ్ళు పరిశోధన చేసిన ఒక పిల్లల డాక్టరు గురించి ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. ఆవిడ పేరు బార్బరా స్టార్‌ఫీల్డ్. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. ఇన్సూరెన్స్ క్లెయిముల డేటాతో పనిచేస్తూ సంసారం ఈదుతున్నవాణ్ణి. ఆ పని వల్లే ఆవిడ పేరు నా చెవిన పడింది. ఆ సంగతి చెప్పేముందు కాస్త వెనక్కి, బాల్టిమోర్ నగరానికి వెళ్ళాలి.

హారియట్ లేన్ అని ఒకావిడ ఉండేది. అమెరికా పదిహేనో అధ్యక్షుడు జేమ్స్ బుకానన్‌కి మేనకోడలు. ఆయన బ్రహ్మచారి కావడంతో శ్వేతసౌధంలో ప్రథమ మహిళ బాధ్యతలు ఈవిడే చూసింది. తర్వాత బాల్టిమోర్ బ్యాంకరుని పెళ్ళి చేసుకుంది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు 1881లో, చిన్నవాడు 1882లో పోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకే జబ్బు, రుమాటిక్ ఫీవర్. అధ్యక్షుడి ఇంటి మనిషి, బ్యాంకరు భార్య, డబ్బుకి కొదవలేదు. అయినా రెండేళ్ళు తిరక్కుండానే ఇద్దరు పిల్లలూ లేరు. 1903లో ఆవిడ పోతూ పోతూ పిల్లల ఆసుపత్రి కోసం ఆస్తి రాసి వెళ్ళింది. ఆ డబ్బుతో 1912లో జాన్స్ హాప్కిన్స్‌లో హారియట్ లేన్ హోమ్ తెరిచారు. అక్కడ శిక్షణ పొందే కుర్ర డాక్టర్లు జేబులో పెట్టుకోవడానికి రాసుకున్న నోట్సే పెరిగి పెరిగి "హారియట్ లేన్ హ్యాండ్‌బుక్" అయింది. మన దేశంలో పిల్లల వైద్యం చదివినవాళ్ళకి కూడా అది తెలిసిన పుస్తకమే.

రుమాటిక్ ఫీవర్ అంటే మనవాళ్ళు కీళ్ళవాతం జ్వరం అంటారు చూడండి, అది. గొంతులో స్ట్రెప్ అనే సూక్ష్మక్రిమి చేరుతుంది. గొంతునొప్పి, జ్వరం, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లలకి కీళ్ళు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. పెన్సిలిన్ వచ్చాక దీన్ని ఆపడం సులువైంది. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ పడితే గుండెదాకా రాదు. మందు చవక. కావలసినదల్లా ఆ గొంతుని సమయానికి చూసే మనిషి.

ఇప్పుడు బార్బరా స్టార్‌ఫీల్డ్ దగ్గరికి వద్దాం. ఆవిడ 1932లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టారు. 1959లో అక్కడి స్టేట్ యూనివర్సిటీ డౌన్‌స్టేట్ కాలేజీలో ఎం.డి. పట్టా తీసుకున్నారు. ఇక్కడ ఎం.డి. అంటే మన ఎం.బి.బి.ఎస్. లాంటి మొదటి పట్టా అనుకోండి. ఆ తర్వాత పిల్లల వైద్యంలో రెసిడెన్సీ చెయ్యడానికి బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్‌కి వచ్చారు. అంతటితో ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఆవిడ మాత్రం మళ్ళీ విద్యార్థిగా చేరి 1963లో ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేశారు. ఇక 2011లో చనిపోయేదాకా హాప్కిన్స్‌లోనే ఉన్నారు.

రెండు చదువులూ ఎందుకంటారా? ఆసుపత్రిలో శిక్షణ పొందే డాక్టరుకి మంచం మీదున్న బిడ్డ కనిపిస్తుంది. ఆ బిడ్డ మంచం దాకా ఎందుకు వచ్చింది, ఆర్నెల్ల క్రితం ఎవరు చూసి ఉంటే రాకపోయేది అన్నది కనిపించదు. అది తెలియాలంటే వేలమంది పిల్లల్ని ఏళ్ళతరబడి లెక్కల్లో చూడాలి. అది రెండో చదువు నేర్పే విద్య.

అలా లెక్కపెట్టినవాళ్ళు హాప్కిన్స్‌లో ఇంకా ఉన్నారు. లియాన్ గోర్డిస్ అని, ఆయనా ప్రజారోగ్యం వైపు వచ్చిన వైద్యుడే. 1960ల చివర్లో బాల్టిమోర్ పేదవాడల్లో కొన్నిచోట్ల పిల్లలకి అన్ని రకాల వైద్యమూ ఒకేచోట అందించే కేంద్రాలు ప్రభుత్వ డబ్బుతో నడిచేవి. పక్క వాడల్లో ఉండేవి కావు. గోర్డిస్ రుమాటిక్ ఫీవర్ కేసుల్ని వాడలవారీగా లెక్కవేసి 1973లో ప్రచురించారు. కేంద్రాలు అందుబాటులో ఉన్న వాడల్లోని నల్లజాతి పిల్లల్లో ఆ జబ్బు 60 శాతం తగ్గింది. మిగతా నగరంలో దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇంకో సంగతి కూడా ఆయన చూశారు. ఆ తగ్గుదలంతా ముందు గొంతునొప్పి కనబడ్డ కేసుల్లోనే. అంటే తల్లి బిడ్డని తీసుకొచ్చింది, చూసే మనిషి అక్కడ ఉన్నాడు, మందు పడింది. హారియట్ లేన్ కొడుకులు పోయి తొంభై ఏళ్ళు దాటాక, వాళ్ళ అమ్మ పేరున ఆసుపత్రి వెలసిన ఊళ్ళోనే ఈ లెక్క తేలడం నాకు భలే అనిపిస్తుంది.

స్టార్‌ఫీల్డ్ పట్టుకున్న ప్రశ్న దీనికి పక్కనే ఉంటుంది. దగ్గర్లో డాక్టరు ఉంటే చాలా, ఎప్పుడూ అదే డాక్టరు ఉండాలా? 1970ల్లో ఆవిడా, తోటివాళ్ళూ ఒక చిన్న పరీక్ష చేశారు. ఒకసారి వచ్చినప్పుడు చెప్పిన సమస్యని, మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరు గుర్తుపడుతున్నారా అని చూశారు. రెండుసార్లూ ఒకే డాక్టరైతే గుర్తింపు మెరుగ్గా ఉందని తేలింది. ఇందులో వింతేముంది, మా బామ్మా చెప్పేది అంటారేమో. నిజమే. కానీ బామ్మ చెప్పిందంటే ఇన్సూరెన్స్ కంపెనీ వినదు, ప్రభుత్వమూ వినదు. అంకె చూపిస్తే వింటారు.

అసలు అమెరికాలో ఇన్సూరెన్స్ ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1929లో డల్లాస్‌లో బేలర్ ఆసుపత్రి, టీచర్లతో ఒక ఏర్పాటు చేసుకుంది. నెలకి అర డాలరు కడితే ఏడాదికి 21 రోజులు ఆసుపత్రిలో ఉంచి చూస్తామని. తర్వాత బ్లూక్రాస్‌గా పెరిగింది అదే. గమనించారా, పుట్టుకలోనే అది ఆసుపత్రి మంచానికి ఇన్సూరెన్సు. గొంతునొప్పికి కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకూడదని కట్టడి చేసింది. పనివాళ్ళు దొరక్క కంపెనీలు జీతం బదులు ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. 1954లో పన్ను చట్టం ఆ సొమ్ముకి పన్ను లేదని ఖాయం చేసింది. అప్పట్నుంచీ ఇన్సూరెన్స్ ఉద్యోగానికి అతుక్కుపోయింది. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చినా, పనిచేసే వయసువాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ ఈ ముడి అలాగే ఉండిపోయింది. ఉద్యోగం మారితే కార్డు మారుతుంది. కార్డు మారితే నెట్‌వర్క్ మారుతుంది. నెట్‌వర్క్ మారితే డాక్టరు మారతాడు. యుద్ధకాలపు జీతాల కట్టడికీ, మన పిల్లకి దగ్గు మందు ఎవరు రాయాలన్నదానికీ సంబంధం ఉందంటే నమ్మాలనిపించదు గానీ, ఉంది.

ఇక స్టార్‌ఫీల్డ్ పెద్ద పరిశోధన. బాల్టిమోర్‌కీ వాషింగ్టన్‌కీ మధ్య కొలంబియా అని ఊరుంది. మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారక్కడ. 1960ల్లో జేమ్స్ రౌస్ అనే ఆయన ప్లాను గీసి కట్టిన ఊరు. అక్కడ 1969లో జాన్స్ హాప్కిన్స్, కనెక్టికట్ జనరల్ అనే బీమా కంపెనీ కలిసి కొలంబియా మెడికల్ ప్లాన్ అని పెట్టాయి. నెలనెలా ఇంత అని కట్టేస్తే అన్ని వైద్యాలూ అక్కడే. దాంతో ఏమైందంటే, ఒకే పిల్లవాడి వివరాలు ఏళ్ళతరబడి ఒకేచోట పోగయ్యాయి. వరసగా ఆరేళ్ళు ఆ ప్లాన్లో ఉన్న పిల్లల రికార్డులు తీసి స్టార్‌ఫీల్డ్ బృందం చదివింది. 1984లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అందులో తేలిందేమిటంటే, జబ్బులు పిల్లలందరికీ సమానంగా పంచినట్టు రావు. కొంతమంది పిల్లలకి చెవిపోటు, ఉబ్బసం, చర్మంమీద దద్దురు, కడుపునొప్పి, ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించేవన్నీ వస్తుంటాయి. ప్లాను ఖర్చులో ఎక్కువ భాగం ఆ కొద్దిమంది మీదే. ఒక్కో జబ్బుని విడిగా చూసే స్పెషలిస్టుకి ఈ బొమ్మ కనపడదు. చెవి డాక్టరు చెవి చూస్తాడు, చర్మం డాక్టరు చర్మం చూస్తాడు. బిడ్డ మొత్తాన్నీ ఏళ్ళపాటు చూసేవాళ్ళకే కనపడుతుంది.

నా పనికి ఇక్కడే ముడి పడింది. ఈ గమనిక మీద ఆవిడా, జొనాథన్ వైనర్ అనే సహచరుడూ మిగతావాళ్ళతో కలిసి ఒక పద్ధతి తయారుచేసి 1991లో ప్రచురించారు. దాన్ని ఏసీజీ అంటారు. వేల సంఖ్యలో ఉండే జబ్బు కోడ్లని, అది ఎన్నాళ్ళుంటుంది, ఎంత తీవ్రం, మళ్ళీ వస్తుందా, స్పెషలిస్టు అవసరమా అని చూసి, 32 గుంపులుగా విడదీస్తారు. ఒక మనిషికి ఏడాదిలో ఎన్ని రకాల గుంపులు పడ్డాయో చూసి, ఆ మనిషికి ఎంత వైద్యం అవసరమో అంచనా వేస్తారు. 1997లో మేరీల్యాండ్ రాష్ట్రం మెడికెయిడ్‌లో బీమా సంస్థలకి డబ్బు ఇవ్వడానికి ఈ లెక్కే వాడింది. ఎందుకంటే మనిషికింత అని సమానంగా ఇస్తే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని చేర్చుకుని, జబ్బు పిల్లల్ని తప్పించుకోవాలని సంస్థలకి ఆశ పుడుతుంది. జబ్బు ఎక్కువున్న బిడ్డకి డబ్బూ ఎక్కువ ఇస్తే ఆ ఆశ తగ్గుతుంది.

2015 అక్టోబరులో ఐసీడీ-9 కోడ్లు పోయి ఐసీడీ-10 వచ్చినప్పుడు మనవాళ్ళు ఎంతమంది ఆ ప్రాజెక్టుల్లో పగలూ రాత్రీ కూర్చున్నారో మీకు తెలుసు. సుమారు 14 వేల కోడ్లు 70 వేల దాకా అయ్యాయి. నేనూ ఆ గుంపులో ఒకణ్ణి. అప్పుడే ఈ ఏసీజీ సాఫ్ట్‌వేర్ నా చేతికొచ్చింది. మాన్యువల్ మొదటి పేజీల్లో ఒక పిల్లల డాక్టరు ఆలోచన నుంచి ఇది పుట్టిందని ఉంటే, ఎవరీవిడ అని వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నా కాంట్రాక్టు మారింది. కొత్త కన్సల్టింగ్ కంపెనీ, కొత్త ఇన్సూరెన్స్. మా చిన్నమ్మాయిని పుట్టినప్పట్నుంచీ చూసిన డాక్టరమ్మ కొత్త నెట్‌వర్క్‌లో లేదు. మా పిల్లకి చలికాలం రాగానే రాత్రిళ్ళు దగ్గు. పాత డాక్టరమ్మ చెవి పెట్టి విని, "ప్రతి నవంబరూ ఇదేగా" అని నెబ్యులైజరు రాసి పంపేసేది. కొత్త క్లినిక్‌లో మూడుసార్లు వెళ్తే ముగ్గురు డాక్టర్లు. ప్రతిసారీ మొదట్నుంచీ కథ చెప్పాలి. ఒకాయన ఎక్స్‌రే అన్నారు, ఒకావిడ ఎలర్జీ పరీక్షలు అన్నారు. పాత రికార్డులు ఫ్యాక్సు చేశామని వాళ్ళు, రాలేదని వీళ్ళు. మా ఆవిడ విసిగిపోయి, "ఏవండీ, ఇన్ని కోట్ల మంది లెక్కలు మీ కంప్యూటర్లో ఉంటాయి, మన పిల్ల దగ్గు సంగతి ఒక్కటీ వీళ్ళ కంప్యూటర్లో లేదేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. డాక్టర్లు ముగ్గురూ మంచివాళ్ళే. వాళ్ళకి మా పిల్ల తెలియదు, అంతే.

స్టార్‌ఫీల్డ్ దీన్నే నాలుగు మాటల్లో పెట్టారు. మంచి ప్రాథమిక వైద్యానికి నాలుగు గుర్తులు ఉండాలన్నారు. ఏ కష్టమొచ్చినా ముందు తట్టే తలుపు అదై ఉండాలి. ఏళ్ళతరబడి అదే మనిషితో సంబంధం ఉండాలి. మామూలు అవసరాలన్నీ అక్కడే తీరాలి. స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళినా తిరిగి ఆ కబురంతా ఇక్కడికి చేరాలి. ఈ నాలుగూ ఎంతవరకు ఉన్నాయో కొలవడానికి ప్రశ్నావళి కూడా తయారుచేశారు. లేయూ షీ, జేమ్స్ మాసింకో అనే వారితో కలిసి 2005లో రాసిన వ్యాసంలో, ప్రాథమిక వైద్యులు ఎక్కువున్న ప్రాంతాల్లో ఆరోగ్యం మెరుగ్గా ఉందన్న సాక్ష్యాలన్నీ ఒకచోట పేర్చారు.

ఆవిడకి బయట పేరు తెచ్చిన వ్యాసం మాత్రం 2000 జులైలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 13 దేశాల్ని 16 కొలతలతో పోలిస్తే అమెరికా సగటున 12వ స్థానంలో ఉందని చూపించారు. ఇతరుల అధ్యయనాల్లోని అంకెల్ని కూడి, ఏటా 2,25,000 మంది వైద్యం వల్లే, అంటే పొరపాట్లు, ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు, మందుల దుష్ఫలితాల వల్ల పోతున్నారని రాశారు. ఆ మొత్తం మీద తర్వాత చాలా వాదాలు జరిగాయి. కానీ ఆవిడ అడిగినది సూటిగానే ఉంది. ఇంత ఖర్చుపెట్టి, ఇంతమంది స్పెషలిస్టుల్ని పెట్టుకుని, మనకి ఒరిగిందేమిటి?

ఇది మనవాళ్ళకి కాస్త గుచ్చుకునే ప్రశ్న. తలనొప్పి అంటే న్యూరాలజిస్టు, నడుంనొప్పి అంటే ఆర్థో. మామూలు డాక్టరు దగ్గరికి వెళ్తే తక్కువనుకుంటాం. ఇండియాలో హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల అలవాటు ఇక్కడిదాకా మోసుకొచ్చాం.

ఇంటి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు కుటుంబాలకి పెద్ద ఆపరేషన్ల ఖర్చు ప్రభుత్వమే భరించే పథకం. గుండె కవాటం మార్చే ఆపరేషను కూడా అందులో ఉంది. అప్పు చేసినా ఆపరేషను చేయించుకోలేని ఎన్నో ఇళ్ళకి అది ప్రాణదానమే, అందులో సందేహం లేదు. కానీ మన ఊళ్ళల్లో చెడిపోయే కవాటాల్లో ఎన్నో ఈ రుమాటిక్ ఫీవర్ వల్లే కదా. పదేళ్ళ వయసులో పి.హెచ్.సి.లో ఎవరో గొంతు చూసి పెన్సిలిన్ ఇచ్చి ఉంటే ఆ ఆపరేషనే అక్కర్లేదు. 1929 నాటి డల్లాస్‌లో లాగే మనకీ బీమా ఆసుపత్రి మంచం దగ్గరే మొదలైంది. మంచందాకా రాకుండా చూసే మనిషికి డబ్బు కేటాయించడం అన్నది రెండు తెలుగు రాష్ట్రాల ముందూ ఉన్న పని.

అమెరికాలో కొంత మార్పు వచ్చింది. అసలు 1967లోనే అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ "మెడికల్ హోమ్" అన్న మాట వాడింది. బిడ్డ వైద్య రికార్డులన్నీ ఉండే ఒక ఇల్లు అని అర్థం. 1997లో, మెడికెయిడ్‌కి అర్హత లేక, ప్రైవేటు బీమా కొనలేక మధ్యలో ఉన్న కుటుంబాల పిల్లల కోసం చిప్ పథకం వచ్చింది. చట్టబద్ధంగా ఉంటున్న వలస కుటుంబాల పిల్లలకి అయిదేళ్ళు ఆగనక్కర్లేకుండా చేర్చుకునే వీలు 2009 చట్టం రాష్ట్రాలకి ఇచ్చింది. 2024 జనవరి నుంచి, మెడికెయిడ్, చిప్‌లలో చేరిన పిల్లల్ని తల్లిదండ్రుల ఆదాయం మధ్యలో మారినా ఏడాదిపాటు తీసెయ్యకూడదన్న నియమం అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది. బిడ్డకి డాక్టరుతో దారం తెగకూడదన్న ఆలోచన చట్టంలోకి ఎక్కింది. ఉద్యోగం ద్వారా బీమా ఉన్న మన ఇళ్ళకి మాత్రం ఆ దారం మన చేతుల్లోనే ఉంది.

అందుకని నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను. ప్లాను మార్చేముందు పిల్లల డాక్టరు ఆఫీసుకే ఫోను చేసి, ప్లాను పూర్తి పేరు చెప్పి, తీసుకుంటారా అని అడగండి. వెబ్‌సైట్లో జాబితా చాలాసార్లు పాతదై ఉంటుంది. ఉద్యోగం మారుతున్నప్పుడు, జబ్బుతో ఉన్న బిడ్డ చికిత్స మధ్యలో ఉంటే, కోబ్రా కింద పాత బీమానే మామూలుగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి ఖరీదే, అయినా రెండు నెలలకి లెక్క వేసి చూడండి. రికార్డులు అడిగి తీసుకునే హక్కు తల్లిదండ్రులకి చట్టం ఇచ్చింది. మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి. క్లినిక్‌ల మధ్య ఫ్యాక్సు మీద ఆధారపడకుండా ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. టీకాల కార్డు, ఎలర్జీలు, వాడిన మందులు, ఒక్క పేజీలో మీ చేత్తో రాసి పెట్టుకున్నా చాలు. ఇక ఏడాదికోసారి జరిగే వెల్ చైల్డ్ విజిట్. 2010 చట్టం తర్వాత చాలా ప్లాన్లలో దానికి కోపే లేదు. బిడ్డ బాగానే ఉందిగా అని మానెయ్యకండి. జబ్బు లేని రోజున బిడ్డ ఎలా ఉంటుందో తెలిసిన డాక్టరే, జబ్బు వచ్చిన రోజున తేడా పట్టగలరు.

ఈ ఏడాది మీ ఎక్సెల్ షీట్లో డిడక్టబుల్ పక్కన ఇంకో గడి పెట్టండి. అందులో మీ పిల్లల డాక్టరు పేరు రాయండి. ఆ పేరు నిలిచే ప్లాను ముందు చూడండి, తర్వాత డాలర్లు చూడండి.